మా ఊరొచ్చింది... నెమ్మది!

రోడ్డు వేయమని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టిన ఊరే, తీరా రోడ్డు పడ్డాక దానికి అడ్డంగా గట్టు వేయమని మళ్లీ అర్జీ పెడుతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచునే సాగే దారిలో ఇది మామూలు సంగతే. గట్టు కావాలా వద్దా, బోర్డు పెడితే సరిపోదా, అసలు ఎంత వేగాన్ని ‘నెమ్మది’ అనాలి... రచ్చబండ మీద ఎన్నాళ్లకూ తెగని ఈ తగువంతా లెక్క తీస్తే ఒక్క నిమిషం దగ్గర తేలుతుంది.

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లడానికి దారులు రెండు. ఇల్లెందు మీదుగా ఒకటి. తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, సుజాతనగర్ మీదుగా ఇంకొకటి. రెండూ కొత్తగూడెంలో కలుస్తాయి. అక్కణ్నుంచి పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కితే రాములవారి ఊరు. కొత్తగూడెం నుంచి ముందుకు వెళ్లేది 30వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లు ఇప్పటికీ 221 అనే అంటారు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ మీదుగా పైకి పోయే దారి ఇదే.

ఒకప్పుడు ఈ రోడ్డు మీద బస్సు వస్తుంటే పిల్లలు పరుగెత్తుకెళ్లి చూసేవారు. ఇప్పుడు పిల్లల్ని పరుగెత్తుకెళ్లకుండా పట్టుకోవాలి. మణుగూరు బొగ్గు నింపుకున్న టిప్పర్లు, సారపాక కాగితం మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర మోసే లారీలు, గోదావరి ఇసుక లారీలు, జగదల్‌పూర్ వైపు నుంచి దిగే భారీ వాహనాలు... ఇవి చాలవన్నట్టు శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి భక్తుల కార్లు. తెల్లారేసరికి దర్శనం క్యూలో ఉండాలని అర్ధరాత్రి బయల్దేరతారు. ఏజెన్సీ ఊళ్లు దాటే వేళకు డ్రైవర్ కళ్లు మూతలు పడుతుంటాయి.

మరి రోడ్డు పక్కన ఉండేదెవరు? ఆశ్రమ పాఠశాలకు నడిచిపోయే పిల్లలు. మార్చిలో ఇప్పపూలు ఏరడానికి, వేసవి ముదిరాక తునికాకు కోయడానికి చీకటితోనే బయల్దేరే కోయ ఆడవాళ్లు. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి, ఆటోల్లో ట్రాలీల్లో కిక్కిరిసి తిరిగే కూలీలు. సంతకు మేకల్ని తోలుకెళ్లేవాళ్లు. నవమికి ముందు కాలినడకన భద్రాద్రికి వెళ్లే భక్తులు. వీళ్లెవరికీ ఫుట్‌పాత్ అనేది లేదు. తారు అంచు దిగితే మట్టి, ఆ పక్కన కాలువ. అంతే.

గట్టు ఎలా పుడుతుందంటే...

పత్రికల్లో వేగ నిరోధకం అని రాస్తారు. ఇంజినీర్లు హంప్ అంటారు. ఊళ్లో అందరికీ అది స్పీడ్ బ్రేకరే. అది పుట్టే తీరు మాత్రం ఏ ఊళ్లో చూసినా ఒకేలా ఉంటుంది. ముందు ఒక ప్రమాదం జరుగుతుంది. సైకిల్ మీద పోయే పిల్లాడో, పాలకని రోడ్డు దాటే ముసలావిడో. ఆ పూట జనం రోడ్డు మీద బైఠాయిస్తారు. రెండువైపులా కిలోమీటర్ల కొద్దీ బళ్లు ఆగిపోతాయి. ఎస్సై వస్తాడు, తహసీల్దారు వస్తాడు. స్పీడ్ బ్రేకర్ వేయిస్తామని మాటిస్తే గానీ ఎవరూ లేవరు. మాటిస్తారు, లేస్తారు.

ఆ తర్వాత రెండిట్లో ఒకటి జరుగుతుంది. అధికారులు నిజంగానే వేయిస్తారు. లేదంటే నాలుగు రోజులు చూసి ఊరివాళ్లే వేసుకుంటారు. ట్రాక్టరుడు మొరం, రెండు తట్టల కంకర, ఎక్కడైనా రోడ్డు పని జరుగుతుంటే అడిగి తెచ్చిన కాస్త తారు. అవీ దొరక్కపోతే లావుపాటి మోకు. రాత్రికి రాత్రే గట్టు తయారు! దానికి కొలత ఉండదు. మోకాలెత్తున లేస్తే ఊరికి తృప్తి. తెల్లరంగు వేసే ఆలోచనే ఎవరికీ రాదు.

తొలి వారం అంతా బాగానే ఉంటుంది. లారీలు బుద్ధిగా ఆగి ఆగి పోతాయి. గట్టు పక్కనున్న టీ కొట్టుకు గిరాకీ పెరుగుతుంది. జామకాయలమ్మే ఆవిడ బుట్ట తెచ్చి అక్కడే పెట్టుకుంటుంది. ఆ మీదట అసలు తగువు మొదలవుతుంది. అదీ ఊరికి, డ్రైవర్లకు మధ్య కాదు. ఊళ్లోనే!

వద్దనేవాళ్లకూ కారణాలున్నాయి

గట్టుకు ఎదురుగా ఇల్లున్నవాళ్లు ముందు తిరగబడతారు. రాత్రంతా ప్రతి లారీ అక్కడ బ్రేకు వేసి, గేరు మార్చి, పొగ వదిలి మళ్లీ లేవాలి. ఖాళీ టిప్పర్ అయితే డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టే. పడుకున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది, గోడ మీద పలకలు అదురుతాయి. వేయండి కానీ మా ఇంటి ముందు కాదు, ఇంకాస్త అవతల వేయండి అంటారు. ఆ అవతలి ఇంటివాళ్లూ అదే మాటంటారు. అలా జరుగుతూ జరుగుతూ గట్టు చివరికి ఊరి బయట చింతచెట్టు కింద తేలుతుంది. అక్కడ రోడ్డు దాటేవాడెవడూ ఉండడు.

రెండో అభ్యంతరం బైకులవాళ్లది. చీకట్లో రంగులేని గట్టు కనిపించదు. ఎదుటి బండి లైటు కళ్లలో పడితే అసలే కనిపించదు. కిందపడేది ఎక్కువసార్లు వెనక కూర్చున్న భార్యో తల్లో. ఈ భయం ఉత్తది కాదు. 2015లో స్పీడ్ బ్రేకర్ల కారణంగా దేశంలో 11 వేలకు పైగా ప్రమాదాలు జరిగి 3,400 మందికి పైగా చనిపోయినట్టు కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలే చెప్పాయి. అంటే రోజుకు తొమ్మిది మంది. ప్రాణాలు కాపాడటానికి వేసిన గట్టు మీద! ఆ మరుసటి ఏడాది, 2016లో, జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు తీసేయమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది.

మూడోది అంబులెన్సు. 2005లో 108 మొదలైనప్పటి నుంచీ ఏజెన్సీ ఊళ్లకు అది ఎంత ఆసరాయో కొత్తగా చెప్పనక్కర్లేదు. నొప్పులు పడుతున్న గర్భిణిని భద్రాచలం ఆసుపత్రికో ఖమ్మానికో తీసుకెళ్తుంటే దారిలో ప్రతి ఊరూ ఒక గట్టు, ప్రతి గట్టూ ఒక కుదుపు. బస్సులో వెనక సీటువాళ్ల సంగతి సరేసరి. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరిపడి వెన్నుపూస విరిగినవాళ్ల కేసులు కొన్నిటిని టర్కీ వైద్యులు 2005లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు కూడా. వెనక సీటు ఎక్కినప్పుడు ఈ ముక్క గుర్తుంచుకోవడం మంచిది.

ఇవన్నీ నిజాలే. కాకపోతే ఇవి గట్టుకు వ్యతిరేకంగా చెప్పేవి కావు, గట్టును ఎలా పడితే అలా వేయడానికి వ్యతిరేకంగా చెప్పేవి. ఈ తేడా రచ్చబండ దగ్గర చాలాసార్లు గాల్లో కలిసిపోతుంది.

నోబెల్ శాస్త్రవేత్త వేసిన గట్టు

స్పీడ్ బ్రేకర్ గురించి బుర్ర బద్దలు కొట్టుకున్న తొలితరం పెద్దమనుషుల్లో ఒకాయనకు నోబెల్ బహుమతి ఉందంటే నమ్ముతారా? ఆర్థర్ హోలీ కాంప్టన్. ఎక్స్‌కిరణాల మీద పరిశోధనకు 1927లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. తర్వాత అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీకి ఛాన్సలర్ అయ్యారు. ఆయన ఆఫీసు ముందున్న రోడ్డు మీద కార్లు దూసుకుపోతుంటే ఊరుకోలేక 1953లో తానే లెక్కకట్టి గట్లు రూపొందించారు. అణువుల లెక్కలు కట్టిన మనిషి కార్ల దగ్గరకొచ్చేసరికి మన సర్పంచిలాగే ఆలోచించారన్నమాట!

ఆ తర్వాత బ్రిటన్‌లో ప్రయోగశాల వాళ్లు రకరకాల ఆకారాలు పరీక్షించి ఒక కొలత ఖరారు చేశారు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అదే ఉంది. అడ్డంగా పోయే గట్టు వెడల్పు, అంటే బండి చక్రం ఎక్కి దిగే దూరం, 3.7 మీటర్లు. ఎత్తు 10 సెంటీమీటర్లు. ఇంకోలా చెప్పాలంటే రెండు నులక మంచాలు వరసగా వేసినంత నిడివి, జానెడులో సగం ఎత్తు. ఈ కొలతలో వేస్తే 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి కుదుపు లేకుండా దాటుతుంది. 50తో వచ్చేవాడికి మాత్రం ఒళ్లు హూనమవుతుంది. అంబులెన్సులో గర్భిణికి ఇబ్బంది లేదు, ఊరికి రక్షణ ఉంది. నలుపు, తెలుపు పట్టీలు వేయాలి. ముందుగా 40 మీటర్ల దూరంలో హెచ్చరిక బోర్డు ఉండాలి.

మనూళ్లలో కనిపించేవి ఎలా ఉంటాయి? అడుగున్నర వెడల్పు, అడుగెత్తు. చక్రం ఎక్కదు, గుద్దుకుంటుంది. దాంతో డ్రైవర్ ఏం చేస్తాడంటే గట్టు ముందు దాదాపు ఆగిపోయి, దాటాక పోయిన టైము రాబట్టుకోవడానికి ఊరి మధ్యలోనే యాక్సిలరేటర్ తొక్కుతాడు. గట్టు దగ్గర ప్రమాదం తగ్గి, బడి దగ్గర పెరుగుతుంది.

ఒక్క నిమిషం లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. కాగితం, పెన్సిల్ చాలు.

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. పిల్లాడు రోడ్డు మీదికి వచ్చాడని కన్ను చూసి, మెదడు చెప్పి, కాలు బ్రేకు మీద పడటానికి చురుకైన డ్రైవర్‌కైనా సుమారు సెకను పడుతుంది. ఆ సెకనులో బండి 17 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి పొడి రోడ్డు మీద మంచి కారుకే ఇంకో 20 మీటర్లు కావాలి. అదే 30 కిలోమీటర్ల వేగమైతే మొత్తం కలిపి 13 మీటర్లలో ఆగిపోతుంది. పిల్లాడు 15 మీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి. 30తో వచ్చేవాడు రెండు మీటర్ల ఇవతలే ఆగి, కిటికీలోంచి తలపెట్టి నాలుగు తిట్లు తిడతాడు. 60తో వచ్చేవాడు పిల్లాణ్ని తాకేసరికి ఇంకా బ్రేకే తొక్కి ఉండడు. ఇది కారు సంగతి. బొగ్గు నింపిన టిప్పర్‌కైతే ఇంకెంత దూరం కావాలో మీరే ఊహించుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు నాలుగు శాతం పెరుగుతుందట. నడిచేవాళ్లు, సైకిళ్లు, బళ్లు కలగలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లే ఉండాలని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో దేశాల ప్రతినిధులు డిక్లరేషన్ చేశారు. హైదరాబాద్‌లో 2023లో తెలంగాణ ప్రభుత్వం కాలనీ రోడ్లకు పెట్టిన పరిమితీ 30 కిలోమీటర్లే. కాలనీ పిల్లాడికి 30 అయితే గూడెం పిల్లాడికి 60 ఎలా సరిపోతుంది?

ఇక డ్రైవర్ వైపు నుంచి చూద్దాం. ఒక ఊరు రోడ్డు వెంబడి కిలోమీటరు పొడవుంది అనుకుంటే 60 వేగంతో నిమిషంలో దాటొచ్చు. 30తో దాటితే రెండు నిమిషాలు. అంటే ఊరికి పోయేది ఒక్క నిమిషం. దారిలో పది ఊళ్లుంటే పది నిమిషాలు. ట్రిప్పుల లెక్కన డబ్బులొచ్చే టిప్పర్ డ్రైవర్‌కు ఆ పది నిమిషాలూ చిన్నవేం కాదు, ఒప్పుకోవాల్సిందే. ఆయన మీద ఓనరు, ఓనరు మీద కాంట్రాక్టరు ఉంటారు. తొందర అతనొక్కడిది కాదు. అందుకే ట్రిప్పులకు కాకుండా పనిగంటలకు డబ్బులిచ్చే పద్ధతి వస్తే సగం గట్లతో పనే ఉండదని ఈ వ్యాసకర్త అనుమానం.

భక్తుల కార్లకు మాత్రం ఆ సాకు లేదు. పాల్వంచ దాటాక రోడ్డు పక్కనే జగన్నాథపురం పెద్దమ్మతల్లి గుడి వస్తుంది. అక్కడ ఆగని బండి అరుదు. దిగి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మరీ బయల్దేరతారు. క్షేమంగా వెళ్లి లాభంగా రావాలనే కదా! ఆ పావుగంట ఎవరికీ బరువనిపించదు. ఆ తర్వాతి ఊళ్లో నిమిషం ఎందుకు బరువవుతుందో అమ్మవారికే తెలియాలి.

బోర్డు చాలదా?

అధికారుల దగ్గరికి వెళ్తే వచ్చే తొలి సమాధానం బోర్డు పెట్టిస్తాం అని. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు, మధ్యలో 30 అనో 40 అనో అంకె. ఖర్చు తక్కువ, గొడవ తక్కువ. పెట్టిన నెలకు దాని మీద కోచింగ్ సెంటర్ పోస్టరు పడుతుంది. వానాకాలం వచ్చేసరికి తీగ అల్లుకుంటుంది.

ఎనిమిది పలకల ఎర్ర బోర్డు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అదే స్టాప్ బోర్డు. 1915లో అమెరికాలోని డెట్రాయిట్‌లో మొదట వచ్చింది. అప్పుడది తెల్లటి బోర్డు, నల్లటి అక్షరాలు. ఎరుపు రంగు 1950ల్లో వచ్చింది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు తప్పకుండా చెప్పే కబుర్లలో ఇదొకటి. కాలనీలో నాలుగు వీధులు కలిసే చోట నాలుగు వైపులా స్టాప్ బోర్డులే. అర్ధరాత్రి పురుగు లేకపోయినా కారు పూర్తిగా ఆగాల్సిందే. ముందొచ్చినవాడు ముందు వెళ్తాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపువాడిది వంతు. ఎవరూ హారన్ కొట్టరు.

వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడా కాలనీవాళ్లకు, ఇంజినీర్లకు మధ్య ఇదే తగువు. కార్లు స్పీడుగా పోతున్నాయి, మా వీధి మలుపులో స్టాప్ బోర్డు పెట్టండి అని తల్లిదండ్రులు సంతకాలు సేకరిస్తారు. కుదరదని ఇంజినీర్లంటారు. వేగం తగ్గించడానికి స్టాప్ బోర్డు వాడొద్దని అమెరికా ట్రాఫిక్ గుర్తుల మాన్యువల్‌లో స్పష్టంగా రాసుంది. అవసరం లేని చోట పెడితే జనం దాన్ని లెక్కచేయడం మానేస్తారు, అవసరమైన చోట కూడా ఆగరు అనేది వాళ్ల వాదన. సారపాకలో ఉన్నా సియాటిల్‌లో ఉన్నా ఇంటి ముందు బండి వేగాన్ని చూసి తల్లి గుండె ఒకేలా కొట్టుకుంటుందనుకోండి, అది వేరే విషయం.

అయితే స్టాప్ బోర్డుకు మన దగ్గర నిజంగా పని ఉన్న చోటొకటుంది. పెద్ద రోడ్డు మీద కాదు, ఊరి లోపలి నుంచి వచ్చి పెద్ద రోడ్డును కలిసే బాట మీద. 1988 మార్గదర్శకాలు స్పీడ్ బ్రేకర్‌కు తగిన చోట్లలో మొదట చెప్పిందీ ఇలాంటి కూడలినే. గట్టు వేయాల్సింది చిన్న రోడ్డు మీద, పెద్ద రోడ్డు అంచుకు సుమారు అయిదు మీటర్ల ఇవతల. కారణం చాలా ప్రమాదాల్లో మనవాడే ఇంట్లోంచి వచ్చినట్టు అటూ ఇటూ చూడకుండా బైకుతో హైవే ఎక్కేస్తాడు. పొలం నుంచి ట్రాక్టర్ నేరుగా వచ్చేస్తుంది. దాన్ని తోలేవాడికి ఒక్కోసారి మీసాలు కూడా రావు. ఊరు అడిగేదేమో లారీ ఆగే గట్టు. ఊరి బాట మీద తన బైకు ఆగే గట్టు అడిగిన అర్జీ ఎక్కడైనా ఉంటే, దాన్ని ఫ్రేము కట్టించుకోవాలి.

ఈ మాట వచ్చింది కాబట్టి వడ్ల సంగతీ చెప్పాలి. కోతలయ్యాక నున్నటి తారు రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోయడం మనకు అలవాటు. సగం రోడ్డు మీద పంట, పంట ఎగిరిపోకుండా అంచున రాళ్లు. రాత్రి ఆ రాళ్లు తీయరు. కల్లాలు లేక పోస్తున్నామని రైతు అంటాడు, అదీ నిజమే. కానీ ఆ రాళ్లకు గుద్దుకుని పడేది కూడా పక్క ఊరి రైతే.

ఎవరి రోడ్డు? ఎవరి మాట?

గట్టు వేయించడానికి తిరగాల్సిన ఆఫీసులు తక్కువేం కావు. ఊరి లోపలి సిమెంటు రోడ్డు పంచాయతీది. పట్నంలో అయితే మున్సిపాలిటీది. ఖమ్మంలోనైతే కార్పొరేషన్‌ది. ఊరికి ఊరికి మధ్య రోడ్డు పంచాయతీరాజ్ శాఖదో ఆర్‌అండ్‌బీదో. పెద్ద దారి జాతీయ రహదారుల విభాగానిది. అడవిలో అయితే చెట్టు కొమ్మ కొట్టాలన్నా అటవీశాఖను అడగాలి. భద్రాచలం దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. 2014 విభజనలో పట్నం తెలంగాణలో ఉండిపోయి, ఆనుకుని ఉన్న ఎటపాక లాంటి ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పదేళ్ల కిందటి దాకా ఒకే ఖమ్మం జిల్లాలో ఉన్న రోడ్డుకు ఇప్పుడు కాస్త దూరంలోనే రాష్ట్రం మారుతుంది. కలెక్టరూ మారతాడు. లారీ వేగం మాత్రం మారదు.

ఏజెన్సీలో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం చాలా అధికారాలు ఇచ్చింది. తునికాకు, ఇసుక, సారా కొట్టు... వీటి మీద దాని మాటకు విలువుంది. జాతీయ రహదారి మీద వేగం సంగతి మాత్రం అందులో లేదు. తన గుమ్మం ముందు నుంచి పోయే లారీ ఎంత వేగంతో పోవాలో చెప్పే హక్కు గూడేనికి లేదన్నమాట.

మరి ఎవరికుంది? 1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా అది అధికారం ఇచ్చిన అధికారికి ఉంది. ప్రజల భద్రత కోసమో, రోడ్డు, వంతెన తీరును బట్టో ఒక ప్రాంతంలో వేగాన్ని తగ్గిస్తూ నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. అందుకు తగ్గ బోర్డులు పెట్టాలి. ఈ సెక్షన్‌లోనే పనికొచ్చే ముక్క ఒకటుంది. పరిమితి నెల రోజులకు మించకపోతే నోటిఫికేషన్ కూడా అక్కర్లేదు. శ్రీరామనవమి ముందు కాలినడక భక్తులు వచ్చే రోజులకు, ముక్కోటికి, మిర్చి కూలీల ఆటోలు తిరిగే నెలకు ఇది సరిగ్గా సరిపోతుంది. దీన్ని అడిగి వాడుకున్న ఊళ్లు ఎన్ని ఉంటాయంటారు?

ప్రభుత్వం తనంతట తాను ఒక చోటును పట్టించుకోవాలంటే దానికీ లెక్కుంది. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణమో తీవ్రగాయమో అయిన ప్రమాదాలు అయిదు జరగాలి, లేదంటే పదిమంది చనిపోవాలి. అప్పుడది ‘బ్లాక్ స్పాట్’. అప్పుడు సర్వే చేస్తారు, నిధులు వస్తాయి. ఇంజినీరుకు ఏదో ఒక కొలబద్ద కావాలి, నిజమే. కానీ నలుగురు పోయిన ఊరికి ఆ కొలబద్ద ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32 వేల మందికి పైగా నడిచిపోయేవాళ్లే. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతమే, మరణాల్లో వాటి వాటా 36 శాతం. ఊళ్లవాళ్లు రాత్రిపూట కంకర మోయడం చట్టప్రకారం తప్పే. ఈ అంకెలు చూశాక వాళ్లను తప్పు పట్టడానికి నోరు రాదు.

చేయదలచుకుంటే కుదురుతుందనడానికి పక్కనే ఉదాహరణ ఉంది. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా శ్రీశైలం వెళ్లే దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. పులికి, జింకకు బండి తగలకూడదని. భక్తులు మొదట్లో విసుక్కున్నారు, తర్వాత ఆ వేళలకు అలవాటు పడిపోయారు. అడవిలో జంతువు కోసం తొమ్మిది గంటలు ఆగగలిగినవాళ్లం!

అర్జీ ఎలా రాయాలి?

రాస్తారోకో కంటే నిదానమైన దారి ఒకటుంది. కలెక్టర్ అధ్యక్షతన ప్రతి జిల్లాలో రోడ్డు భద్రత కమిటీ ఉంటుంది. పోలీసులు, రవాణాశాఖ, రోడ్ల ఇంజినీర్లు అందులో సభ్యులు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చే కాగితం ఆ కమిటీ పేరు మీద ఉంటే ఆఫీసుకూ ఆఫీసుకూ మధ్య బంతాట కొంత తగ్గుతుంది. ‘స్పీడ్ బ్రేకర్ కావాలి’ అని ఒక్క ముక్క రాస్తే జాతీయ రహదారి మీద కుదరదని ఒక్క ముక్కలోనే సమాధానం వస్తుంది. అలా కాకుండా ఏ బడి ముందు, ఏ వేళల్లో ఎంతమంది పిల్లలు దాటుతున్నారు, మూడేళ్లలో ఎక్కడెక్కడ ఎవరికి దెబ్బలు తగిలాయి, ఏ పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది అన్నవి రాయాలి. చిన్న చిన్న ప్రమాదాలకు కేసు ఎందుకులే అని ఊళ్లో రాజీ చేసుకోవడం మనకు అలవాటు. రాజీ అయిన ప్రమాదం లెక్కలోకి రాదు, బ్లాక్ స్పాట్ జాబితాకు చేరదు.

గట్టు ఇవ్వకపోయినా అడగడానికి ఇంకా చాలా ఉన్నాయి. సన్నటి పట్టీలు వరసగా వేసే రంబుల్ స్ట్రిప్స్, ఊరి మొదట్లో వీధిదీపాలు, పోలీసులు చెక్‌పోస్టు దగ్గర పెట్టినట్టు అటొకటి ఇటొకటి డ్రమ్ములు, బడి దగ్గర తారు పక్కన నడిచే బాట, ఊరి బాటలు రోడ్డెక్కే చోట స్టాప్ బోర్డు, దానికి ఇవతల కొలత ప్రకారం గట్టు. ఈ చివరిది పంచాయతీ పరిధిలోని బాట మీదైతే తీర్మానం చేసుకుని ఇంజినీరు కొలతలతో వేయించుకోవచ్చు. నలుపు, తెలుపు రంగు డబ్బాలు మాత్రం ఒకటికి రెండు కొని ఉంచుకోవాలి. గోదావరి జిల్లాల వైపు నుంచి వచ్చే ముసురు పట్టుకుంటే ఆ పట్టీలు ఒక్క వానాకాలానికే మాసిపోతాయి. దసరాకు ఆయుధపూజ నాడు బళ్లు కడిగేటప్పుడు, ఊరి కుర్రాళ్లు ఒక పూట దానికీ కేటాయిస్తే నవమి దాకా నిలుస్తుంది.